యంత్రవైద్యం

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్ర సాంకేతిక విషయాలను సులభమైన తెలుగులో వివరించే పద్ధతిని పరిచయం చేయడం, లక్షణాన్ని చూసి తొందరపడక కారణాన్ని అన్వేషించే దృక్పథాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటి ఉత్తరంగా సాగే జాతీయ రహదారి పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల మీదుగా ఒడిశా సరిహద్దు వైపు పోతుంది. ఒకప్పుడు అయిదవ నంబరుగా, ఇప్పుడు పదహారవ నంబరుగా పిలిచే ఈ దారికీ సముద్రానికీ నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన నేల ఉద్దానం. ఉద్యానమనే మాటే ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. ఈ ప్రాంత జీవనం చాలావరకు చక్రాల మీద సాగుతుంది. పలాస జీడిపప్పు దూరప్రాంతాల అంగళ్లకు చేరాలన్నా, టెక్కలి గ్రానైటు రాళ్లు ఓడరేవుకు పోవాలన్నా, తీరగ్రామాల చేపలు సంతకు రావాలన్నా బండి కదలాలి. అన్నింటికంటె ముఖ్యంగా, మూత్రపిండాల వ్యాధితో బాధపడుతూ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కోసం ఆసుపత్రికి వెళ్లి రావలసినవారికి వాహనమే ఆధారం. అటువంటి వాహనం నడిదారిలో ఆగిపోతే నష్టపోయేది దాని యజమాని ఒక్కడే కాదు.

ఇటీవలి డీజిలు వాహనాలలో తరచు నిందకు గురయ్యే భాగం ఒకటున్నది. దాని పేరు ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్ వాల్వు. మెకానిక్కులు క్లుప్తంగా ఇ.జి.ఆర్. వాల్వు అంటారు. తెలుగులో వ్యర్థవాయు పునఃప్రసరణ కవాటం అనవచ్చు. బండికి 'పికప్' తగ్గినా, నల్లపొగ వచ్చినా, డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ గల పసుపు దీపం వెలిగినా, "ఇ.జి.ఆర్. పోయింది, మార్చాలి" అనే తీర్పు కొన్నిచోట్ల వెంటనే వెలువడుతుంది. వేల రూపాయలు వెచ్చించి కొత్తది బిగించిన తరువాత కూడా అదే దీపం మళ్లీ వెలిగితే, లోపం కవాటానిదా, తీర్పుదా అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం దొరకాలంటే ముందుగా ఆ కవాటం అక్కడ ఎందుకు ఉన్నదో తెలియాలి.

మనం పీల్చే గాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ప్రాణవాయువు ఉంటాయి. సాధారణ ఉష్ణోగ్రతలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా ఒకదాని జోలికి ఒకటి పోవు. ఇంజను సిలిండరులో ఇంధనం మండేటప్పుడు వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటితే వాటి ఉదాసీనత అంతరిస్తుంది. అవి కలిసి నత్రజని ఆక్సైడులు ఏర్పడతాయి. వేడి పెరిగేకొద్దీ వీటి ఉత్పత్తి అతివేగంగా పెరుగుతుంది. ఇవి పొగగొట్టం నుంచి వెలువడి ఊపిరితిత్తులను బాధిస్తాయి. ఎండలో ఇతర ఇంధనపు ఆవిరులతో చర్య జరిపి నేలమట్టంలో ఓజోను ఏర్పడటానికి, తేమతో కలిసి ఆమ్లవర్షానికి కారణమవుతాయి.

ఈ వేడిని అణచే ఉపాయం మన కట్టెల పొయ్యికి తెలియనిది కాదు. కణకణలాడే నిప్పుల మీద నివురు కప్పితే వాటి తీవ్రత తగ్గుతుంది. ఆ నివురు ఎక్కడినుంచో తెచ్చినది కాదు. ఆ నిప్పు నుంచి పుట్టినదే. అదే విధంగా ఇంజను విడిచిన వ్యర్థవాయువులో కొంత భాగాన్ని మళ్లీ ఇంజనుకే పంపితే, అందులోని బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి తాము మండకుండా వేడిని మాత్రం గ్రహిస్తాయి. సిలిండరులో ప్రాణవాయువు పాలు కూడా తగ్గుతుంది. ఫలితంగా దహనంలో కలిగే అత్యధిక ఉష్ణోగ్రత దిగివచ్చి, నత్రజని ఆక్సైడులు తక్కువగా ఏర్పడతాయి. ఈ రాకపోకలకు ద్వారపాలకుడు ఇ.జి.ఆర్. వాల్వు.

ఈ ఏర్పాటు వెనుక కొంత చరిత్ర ఉన్నది. 1950 ప్రాంతంలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని దట్టమైన కాలుష్యపు తెర కమ్ముకొన్నది. వాహనాల నుంచి వెలువడే నత్రజని ఆక్సైడులు, మండని ఇంధనపు ఆవిరులు ఎండలో చర్య జరపడమే దానికి మూలమని ఏరీ హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త వెల్లడించాడు. 1970వ దశకం ఆరంభంలో అమెరికా కార్లలో ఈ కవాటం ప్రవేశించింది. మన దేశంలో భారత్ స్టేజ్ ప్రమాణాలు కఠినమయ్యేకొద్దీ దీని ప్రాముఖ్యం పెరిగింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలయిన బి.ఎస్.-4 ప్రమాణం ప్రకారం డీజిలు కారు కిలోమీటరుకు 0.25 గ్రాములకు మించి నత్రజని ఆక్సైడులను విడువరాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బి.ఎస్.-6 ఆ పరిమితిని 0.08 గ్రాములకు తగ్గించింది. అంటే మూడింట ఒక వంతు కంటె తక్కువకు కుదించిందన్నమాట.

ఇంజనులోనికి గాలి వెళ్లే మార్గానికీ, వ్యర్థవాయువు బయటికి పోయే మార్గానికీ మధ్య ఈ కవాటం అమరి ఉంటుంది. ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత తెరుచుకోవాలో ఇంజనును నియంత్రించే కంప్యూటరు నిర్ణయిస్తుంది. డీజిలు ఇంజనులో బరువు తక్కువగా ఉన్నప్పుడు, మధ్యస్థ వేగంలో ఇది తెరుచుకొంటుంది. యాక్సిలరేటరును పూర్తిగా తొక్కి ఎత్తు ఎక్కేటప్పుడు మూసుకొంటుంది. బండి కదలకుండా ఇంజను మాత్రం తిరిగే స్థితిని ఐడ్లింగ్ అంటారు. పెట్రోలు ఇంజనులో ఐడ్లింగ్ సమయాన ఇది మూసుకొని ఉండాలి. అన్ని పెట్రోలు కార్లలోనూ ఈ కవాటం ఉండదు. చాలా డీజిలు వాహనాలలో వ్యర్థవాయువును చల్లబరచడానికి కవాటంతోపాటు ఒక కూలరు కూడా ఉంటుంది.

వ్యర్థవాయువుతో పనిచేసే భాగానికి మసి పట్టడం సహజం. ఇంజను లోపలి నుంచి వచ్చే నూనె ఆవిరి ఆ మసితో కలిసి జిగురుగా మారి, క్రమంగా గట్టిపడి, కవాటాన్నీ దాని మార్గాలనూ ఇరుకు చేస్తుంది. ఊరినుంచి సంతకు, సంతనుంచి ఊరికి ఆగి ఆగి నడిచే బండిలో ఇంజను తగినంత వేడెక్కదు గనుక మసి మరింత పేరుకొంటుంది. సముద్రతీరంలో మరొక చిక్కు ఉన్నది. ఉప్పుగాలికి తీగల కొనలు, కనెక్టరు లోపలి లోహపు ముక్కలు చిలుమెక్కుతాయి. అప్పుడు కవాటం బాగానే ఉన్నా కంప్యూటరు ఆజ్ఞ దానికి చేరదు. చేరినా దాని జవాబు తిరిగి రాదు.

కవాటానికి వచ్చే జబ్బులు ముఖ్యంగా రెండు. మొదటిది, తెరుచుకొని మూసుకోకపోవడం. అప్పుడు ఇంజనుకు స్వచ్ఛమైన గాలి చాలదు. బండి ఐడ్లింగ్‌లో వణుకుతుంది, ఒక్కొక్కసారి ఆగిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలదు. డీజిలు బండి నల్లపొగ విడుస్తుంది. రెండవది, మూసుకొని తెరుచుకోకపోవడం. ఈ స్థితిలో డీజిలు బండి నడకలో యజమానికి పెద్ద తేడా తెలియకపోవచ్చు. నత్రజని ఆక్సైడులు మాత్రం పెరుగుతాయి. కొన్ని పెట్రోలు ఇంజనులలో టకటకమనే చప్పుడు వినిపిస్తుంది. మొదటి జబ్బు బండి యజమానిని బాధిస్తుంది. రెండవది దారిన పోయేవారిని బాధిస్తుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు చెప్పిన లక్షణాలలో ఏ ఒక్కటీ ఇ.జి.ఆర్. వాల్వుకు మాత్రమే చెందినది కాదు. దుమ్ము నిండిన ఎయిర్ ఫిల్టరు వల్ల కూడా నల్లపొగ వస్తుంది. టర్బో గొట్టానికి చీలిక పడితే కూడా బలం తగ్గుతుంది. ఇంజెక్టరు చెడినా ఐడ్లింగ్‌లో ఇంజను వణుకుతుంది. జ్వరం అనేక రోగాలకు లక్షణమైనట్లే నల్లపొగ అనేక లోపాలకు లక్షణం. కావున మంచి వైద్యుడు రోగిని అడిగి, చూసి, తాకి, పరీక్షించి, ఆ తరువాతనే మందు రాసినట్లు, మంచి మెకానిక్కు కూడా ఒక క్రమాన్ని పాటించాలి.

మొదటి మెట్టు ప్రశ్నించడం. లోపం ఇంజను చల్లగా ఉన్నప్పుడు కనిపిస్తున్నదా, వేడెక్కిన తరువాతనా? నిలిచి ఉన్నప్పుడా, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడా? ఎయిర్ ఫిల్టరు మార్చి ఎంతకాలమయింది? ఈమధ్య ఏ పని చేయించారు? ఈ ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు. అయినా సగం అనుమానాలు ఇక్కడనే తొలగిపోతాయి.

రెండవ మెట్టు కంటితో చూడటం. గొట్టాలు ఊడిపోయాయా, చీలాయా? ఎలుకలు తీగలు కొరికాయా? కనెక్టరు విప్పి చూస్తే ఆకుపచ్చని చిలుము కనిపిస్తున్నదా? కూలరు ఉన్న బండిలో రేడియేటరు నీరు బయట ఎక్కడా కారకుండానే తగ్గిపోతున్నదా? తెల్లపొగ కూడా వస్తుంటే కూలరు లోపల చిల్లి పడిందేమోనని పరీక్షించాలి. అప్పుడు కవాటాన్ని మార్చి ప్రయోజనం లేదు.

మూడవ మెట్టు స్కానరు. స్టీరింగు కింద, డాష్‌బోర్డు అడుగున ఉండే పదహారు పిన్నుల సాకెట్టుకు దీనిని తగిలిస్తే కంప్యూటరు నమోదు చేసుకొన్న లోపసంకేతాలు తెలుస్తాయి. వ్యర్థవాయువు చాలినంతగా ప్రవహించడం లేదని పి 0401 తెలుపుతుంది. అవసరానికి మించి ప్రవహిస్తున్నదని పి 0402 తెలుపుతుంది. విద్యుత్ వలయంలో లోపమున్నదని పి 0403 సూచిస్తుంది. చాలామంది పొరపడేది ఇక్కడనే. పి 0401 కనిపించగానే కవాటం చెడిందని నిర్ణయించడం తగదు. ఆ సంకేతం చెప్పినది "ప్రవాహం తక్కువ" అని మాత్రమే. ఎందుకు తక్కువ అని చెప్పలేదు. మార్గం మసితో పూడిపోయి ఉండవచ్చు. కూలరు మూసుకుపోయి ఉండవచ్చు. గాలిని కొలిచే సెన్సరు మురికిపట్టి తప్పుడు లెక్క చెబుతుండవచ్చు. సంకేతం సాక్షి వాంగ్మూలం వంటిది. న్యాయాధిపతి తీర్పు వంటిది కాదు.

నాలుగవ మెట్టు కవాటాన్ని పనిచేయించి చూడటం. కవాటం ఎంత తెరవాలని కంప్యూటరు ఆజ్ఞాపించిందో, అది నిజంగా ఎంత తెరుచుకొన్నదో స్కానరు తెరమీద పక్కపక్కన కనిపిస్తాయి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే కవాటం మాట వింటున్నదన్నమాట. దూరంగా ఉంటే అది ఇరుక్కొని ఉండవచ్చు, లేదా దాని స్థానాన్ని తెలిపే సెన్సరు చెడి ఉండవచ్చు. డీజిలు ఇంజను నడుస్తుండగా స్కానరు ద్వారా కవాటాన్ని తెరిపిస్తే, లోనికి వచ్చే స్వచ్ఛమైన గాలి కొలత తగ్గాలి. ఆ చోటును వ్యర్థవాయువు ఆక్రమించింది గనుక. కవాటం తెరుచుకొన్నా గాలి కొలత మారకపోతే కవాటాన్ని కాక మార్గాన్ని, గాలి సెన్సరును అనుమానించాలి. పెట్రోలు ఇంజనులో పరీక్ష ఇంకా సులభం. ఐడ్లింగ్‌లో కవాటాన్ని తెరిస్తే ఇంజను తడబడాలి, లేదా ఆగిపోవాలి. ఏ మార్పూ లేకపోతే దారి పూడిపోయి ఉన్నదని ఊహించవచ్చు.

పాత తరహా కవాటాలు విద్యుత్తుతో కాక వాక్యూమ్‌తో పనిచేస్తాయి. వాటికి చేతిపంపుతో వాక్యూమ్ ఇచ్చి, అది నిలుస్తున్నదో లేదో చూస్తారు. నిలవకపోతే లోపలి పొర చిరిగినదని అర్థం. విద్యుత్ కవాటమైతే మల్టీమీటరుతో తీగలను పరీక్షిస్తారు. సాధారణంగా మోటారుకు బ్యాటరీ విద్యుత్తు, స్థానాన్ని తెలిపే సెన్సరుకు 5 వోల్టులు, వీటితోపాటు సరైన ఎర్తు అందాలి. ఇవి అందకపోతే ఎన్ని కొత్త కవాటాలు బిగించినా ఫలితం ఉండదు.

ఇన్ని మెట్లూ దాటిన తరువాతనే కవాటాన్ని విప్పాలి. మసి మాత్రమే పట్టి, మిగిలిన భాగాలు బాగున్నట్లయితే, తగిన క్లీనరుతో, మెత్తని బ్రష్షుతో శుభ్రపరచి తిరిగి వాడుకోవచ్చు. మోటారు ఉన్న వైపును ద్రవంలో ముంచరాదు. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్టు వేయాలి. కొన్ని వాహనాలలో కవాటపు కొత్త స్థానాన్ని స్కానరు ద్వారా కంప్యూటరుకు నేర్పవలసి ఉంటుంది. లోపసంకేతాన్ని చెరిపివేసి, బండిని కొంతదూరం నడిపి, అది మళ్లీ రాలేదని రూఢి చేసుకొన్నప్పుడే చికిత్స పూర్తి అయినట్లు. ఇంజను చల్లారకముందు ఈ భాగాలను ముట్టరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. అందులోనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు, ప్రాణం తీసే శక్తి మాత్రం ఉన్నది.

ఈ శ్రమకు ఓర్వలేక కొందరు దగ్గరి దారి తొక్కుతారు. కవాటపు మార్గానికి అడ్డంగా ఒక రేకుముక్క బిగించి దానిని శాశ్వతంగా మూసివేస్తారు. దీనినే 'బ్లాంక్' చేయడం అంటారు. మసి పట్టదు, నల్లపొగ తగ్గుతుంది, బండి చురుకుగా నడిచినట్లు తోస్తుంది. యజమాని సంతోషిస్తాడు. ఇక్కడ జరిగినదేమిటో ఆలోచించాలి. మన దేశంలో సాధారణంగా జరిపే కాలుష్య ధ్రువీకరణ పరీక్షలో డీజిలు బండికి పొగ సాంద్రతను మాత్రమే కొలుస్తారు. నత్రజని ఆక్సైడులను కొలవరు. కావున కవాటాన్ని మూసివేసిన బండి ఆ పరీక్షలో సులభంగా నెగ్గవచ్చు. కంటికి కనిపించే మసి తగ్గి, కంటికి కనిపించని విషం పెరిగిందన్నమాట. పరీక్షలో నెగ్గినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. వాయుకాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 190వ సెక్షను ప్రకారం శిక్షార్హం.

ఇటువంటి మోసం చిన్న షెడ్డులకే పరిమితం కాదు. పరీక్ష జరుగుతున్నదని కనిపెట్టి అప్పుడు మాత్రమే కాలుష్య నియంత్రణను పూర్తిగా పనిచేయించే సాఫ్ట్‌వేరును ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన డీజిలు కార్లలో అమర్చిందని 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ బయటపెట్టింది. రహదారి మీద ఆ కార్లు పరిమితికి 40 రెట్ల వరకు నత్రజని ఆక్సైడులను విడిచాయని తేలింది. పరీక్షను తప్పించుకోవడం వేరు, లోపాన్ని సరిదిద్దడం వేరు అని ఆ ఉదంతం ప్రపంచానికి చాటింది.

కారణాన్వేషణ విలువ ఉద్దానం ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడి మూత్రపిండాల వ్యాధికి నీరు, నేల, ఎండలో శ్రమ వంటి అనేక కారణాలను పరిశోధకులు ఏళ్ల తరబడి అనుమానించి పరిశీలించారు. ఏ ఒక్కటీ తుది కారణంగా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. తోచిన కారణాన్ని నిజమైన కారణంగా ప్రకటించక, ఒక్కొక్క అనుమానాన్నీ పరీక్షకు నిలపడమే శాస్త్రం చూపే ఏకైక మార్గం. మనిషి దేహాన్ని యంత్రంతో సమానం చేయలేము. యంత్రానికి విడిభాగం బజారులో దొరుకుతుంది. అయితే ఆలోచించే పద్ధతి రెండింటికీ ఒకటే. ఆ పద్ధతి తెలిసిన మెకానిక్కు యజమాని డబ్బునూ, బండిలో కూర్చున్న రోగి సమయాన్నీ, దారిపక్క నిలబడిన పిల్లవాడు పీల్చే గాలినీ ఏకకాలంలో కాపాడుతాడు.

కఠిన పదాలు – అర్థాలు

కవాటం = తలుపు, ప్రవాహాన్ని అదుపు చేసే సాధనం
పునఃప్రసరణ = మళ్లీ ప్రవహింపజేయడం
ఉదాసీనత = పట్టించుకోకపోవడం
నివురు = నిప్పుపై ఏర్పడే బూడిద
చిలుము = లోహానికి పట్టే మలినం
వాంగ్మూలం = సాక్షి చెప్పిన మాట
రూఢి = నిశ్చయం
ఉదంతం = వృత్తాంతం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఇ.జి.ఆర్. వాల్వు అవసరాన్ని, అది పనిచేసే తీరును వివరించండి.
2. కవాటంలోని లోపాన్ని నిర్ధారించడానికి పాటించవలసిన క్రమాన్ని తెలపండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. నివురు పోలిక ద్వారా రచయిత ఏమి వివరించారు?
2. "సంకేతం సాక్షి వాంగ్మూలం వంటిది" – ఈ వాక్యాన్ని సమర్థించండి.
3. కవాటాన్ని రేకుతో మూసివేయడం వల్ల కలిగే నష్టమేమిటి?

III. సంధులు
కారణాన్వేషణ = కారణ + అన్వేషణ – సవర్ణదీర్ఘ సంధి
అత్యధిక = అతి + అధిక – యణాదేశ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి
ఒకటున్నది = ఒకటి + ఉన్నది – ఇకార సంధి

IV. సమాసాలు
నల్లపొగ = నల్లనైన పొగ – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
వాయుకాలుష్యం = వాయువు యొక్క కాలుష్యం – షష్ఠీ తత్పురుష సమాసం